తాళంకప్ప పేరు మీద ఒక్కపొద్దు

ఫోటో తీసేంతసేపే ఆ తలుపు తెరిచి ఉంది.

స్వచ్ఛత ర్యాంకులిచ్చే అధికారులు వస్తున్నారని పొద్దున్నే పార్కంతా ఫినాయిలు వాసన. గేటు బయట కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లందరినీ కాంట్రాక్టరు విజేందర్ లోపలికి పిలిపించి, 'మహిళలు' అని రాసిన తలుపు ముందు వరసగా నిలబెట్టాడు. నవ్వమన్నాడు. నవ్వాం. లోపల నీలం పలకలు తళతళలాడుతున్నాయి, నల్లా తిప్పితే నీళ్లు కూడా వస్తున్నాయి. అధికారులు చూశారు, తలలూపారు, కార్లెక్కారు. వాళ్లు గేటు దాటారో లేదో వాచ్‌మన్ మారయ్య తాళంకప్ప పట్టుకుని వచ్చాడు.

నా పక్కనున్న ఆండాళు అక్కణ్నుంచి కదల్లేదు.

"మారయ్యన్నా, జర ఒక్కపారి పోయొస్త," అంది తల వంచుకుని.

"ఫోటో అయిపాయె గదమ్మా. సారు తాళమెయ్యమన్నడు."

మారయ్య చెడ్డవాడు కాదు. ఆమె ముఖం చూడకుండానే ఆ మాట అన్నాడు. తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని, గేటు దగ్గర తన కుర్చీలోకి వెళ్లిపోయాడు.

ఆండాళు ఉడకబెట్టిన పల్లీల గంప దగ్గరికొచ్చి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పార్కు ఊడ్చే గుర్వమ్మ ఆమెను చూసి ఏమనుకుందో, చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇవ్వబోయింది. "వద్దు గుర్వమ్మా, ఒక్కపొద్దున్న," అంది ఆండాళు. చెంబు నా వైపు తిరిగింది. నేనూ ఉపవాసమనే అన్నాను. గుర్వమ్మ ఆ నీళ్లు మొక్కల్లో పోసి చీపురందుకుంది.

ఆ తలుపుకు తాళం మొదట్నుంచీ లేదు. ఈ కథ వినే కూలీలకూ, చదువుకునే పిల్లలకూ ఆ తాళం చరిత్ర చెప్పి తీరాలి. మా పట్నం పార్కు గోడ మీద బొమ్మలు గీసి రాయించిన చరిత్రలో అది లేదు.

పార్కున్న జాగా ఒకప్పుడు తుమ్మచెట్ల బీడు. మా నేతవాడ ఆడవాళ్లూ, గుర్వమ్మ వాళ్ల వాడ ఆడవాళ్లూ పొద్దుగూకేవేళ అక్కడికే వెళ్లేవాళ్లం. నేను కోడలిగా వచ్చిన మర్నాడు మా అత్త నా చేతికి చెంబిచ్చి అక్కడికే తీసుకెళ్లింది. హైవే మీద లారీ మలుపు తిరిగితే చాలు, లైటు మా మీద పడేది. అందరం ఒక్కసారే లేచి నిలబడేవాళ్లం. పాములుండేవి, ముళ్లుండేవి, మొగవాళ్ల ఈలలుండేవి. ఆ బీడును పొగడటానికి నాకు నోరు రాదు. కానీ అక్కడికి ఎవరూ ఒంటరిగా పోయేవాళ్లు కాదు. ఎవరి కడుపులో ఏముందో, ఎవరింట్లో ఏ కొట్లాటో అందరికీ తెలిసేది. వాడలు వేరైనా బాధ ఒక్కటేనని అక్కడ ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది.

తెలంగాణ కోసం మేమూ రోడ్డు మీద కూర్చున్నాం. రాళ్ల పొయ్యిలు పెట్టి అన్నాలు వండాం. రాష్ట్రం వచ్చింది. బీడు చుట్టూ కంచె వచ్చింది, తుమ్మలు పోయి గడ్డి వచ్చింది, ఉయ్యాలలొచ్చాయి, ఒక మూలన రెండు గదులొచ్చాయి. ఒకటి మొగవాళ్లకు, ఒకటి మాకు. రిబ్బను కత్తిరించిన రోజు మా అత్త బతికే ఉంది. లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది. ఆ ముసలమ్మ జీవితంలో మొదటిసారి ఆ పనికి గొళ్లెం పెట్టుకుంది. బయటికొచ్చి దారంతా కళ్లు తుడుచుకుంటూ నడిచింది.

గుర్వమ్మ చేతిలో ఉన్నన్నాళ్లు ఆ గది ఇల్లులా ఉండేది. తరవాత పార్కు నిర్వహణ మొత్తం విజేందర్‌కు అప్పజెప్పారు. మోటరు కాలిపోయింది. బాగుచేయించడానికి బదులు ఆడవాళ్ల గదికి తాళం వేయించాడు. పుట్టినరోజు పార్టీలకు పార్కును కిరాయికిస్తాడు కదా, ఆ పార్టీల ప్లాస్టిక్ కుర్చీలు, డబ్బా స్పీకర్లు, రంగుల కమానులు ఆ గదిలో చేరాయి. అధికారులొచ్చే ముందు రోజు సామాను బయటికొచ్చేది, నల్లాకు కలిపిన డ్రమ్ములో నీళ్లు పోయించేవాడు, ఫోటో అయ్యాక సామాను మళ్లీ లోపలికి. మొగవాళ్ల గదికి తాళం పడలేదు. నిజానికి వాళ్లకా గది కూడా అక్కర్లేదు, పార్కు గోడ పొడుగునా వాళ్లదే.

మాకు మాత్రం కడుపు బిగబట్టుకోవడమే మిగిలింది.

నేను తువ్వాలలమ్ముతాను. మగ్గం మూలపడ్డాక మా ఆయన షోలాపూర్ మిల్లుకు పోయాడు. పండక్కో పబ్బానికో ఫోను చేస్తాడు, తిన్నావా అని అడుగుతాడు, తిన్నానంటాను, తరవాత ఇద్దరికీ మాటలుండవు. కిరాయి గది నేతవాడ చివర. అంత దూరం పోయొస్తే గేటు దగ్గర నా జాగాలో ఇంకొకరి గుడ్డలు పరిచి ఉంటాయి. ఆండాళుకు అదీ లేదు. ఆమెది పల్లె, పొద్దున మొదటి బస్సుకొచ్చి సందెబస్సుకు పోతుంది. కొడుకులు లేరు, పెనిమిటి లేడు. ఒకసారి ఎదుటి హోటల్లో అడిగిందట. వాళ్లు ఆమెనూ గంపనూ ఎగాదిగా చూశారట, అంతే.

అందుకని నీళ్లు తాగేవాళ్లం కాదు. తెల్లవారక ముందు తాగినదే, మళ్లీ ఇల్లు చేరాకే. ఎండాకాలమైనా అంతే. కానీ ఆ మాట చెప్పుకోవడం ఎట్లా? నీళ్లెందుకు తాగట్లేదని ఎవరైనా అడిగితే సిగ్గు చచ్చిపోయేది. అప్పుడు నాకు దేవుళ్లు అక్కరకొచ్చారు. సోమవారం శివునికన్నాను. మంగళవారం అంజన్నకు, గురువారం బాబాకు, శుక్రవారం ఎల్లమ్మకు, శనివారం కురుమూర్తి స్వామికి, మిగతా రోజుల్లో నోటికొచ్చిన దేవునికి. పచ్చి మంచినీళ్లు ముట్టని కటిక ఒక్కపొద్దులు. మా పక్క ఒక్కపొద్దన్న మనిషిని ఇంకో ప్రశ్న అడగరు, అడిగితే పాపం. ఆండాళూ ఒక్కపొద్దే, పూలమ్మే మంజులతా ఒక్కపొద్దే, జామకాయల ముసలమ్మా ఒక్కపొద్దే. వాళ్లది నిజమైన భక్తి అనీ, నేనొక్కదాన్నే దేవుని పేరు చెప్పి అబద్ధమాడుతున్నాననీ అనుకునేదాన్ని. అందుకే వాళ్ల పక్కన కూర్చుని కూడా కొంచెం ఎడంగా కూర్చునేదాన్ని. బీడుకు పోయిన రోజుల్లో అంతమంది ఉండేవాళ్లం. గది కట్టి, దానికి తాళం వేశాక ఎవరి బాధకు వాళ్లం ఒంటరి అయిపోయాం. ఇన్నేళ్లకు నాకు అర్థమైందేమిటంటే, తాళం వేసినవాడికి కావాల్సింది సరిగ్గా అదే.

ఎండలు ముదిరిన వారంలో ఆండాళు గంప మీదికి ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. మంజులతా నేనూ ఆమెనూ గంపనూ ఆటోలో ఎక్కించుకుపోతే మా పట్నం డాక్టరు చూసి, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లమన్నాడు. మంజులత పూలు చూసుకోవాలి, నేనొక్కదాన్నే వెంట వెళ్లాను. గుర్వమ్మ బిడ్డ మెర్సీ ఆ ఊళ్లోనే నర్సింగు చదువుతోంది. తల్లి ఫోను చేస్తే పరుగెత్తుకొచ్చి మా పక్కన నిలబడింది. ఆ పిల్ల లేకపోతే ఆ దవాఖానలో ఏ తలుపు ఎటో నాకు తెలిసేది కాదు.

"మంచినీళ్లు మంచిగ తాగుతవా పెద్దమ్మా?" అని మెర్సీ అడిగింది.

"ఒక్కపొద్దు బిడ్డా."

"ఇయ్యాలనా?"

"రోజూ."

"రోజుకో దేవునికా?"

ఆండాళు నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఇక దాచి లాభం లేదనుకున్న మనిషి చూపు అది.

"నేను ఏ దేవుని పేరు మీద లేనక్కా," అంది నాతో. "గా తాళంకప్ప పేరు మీదున్న. తాగితే యాడికి పోవాలె?"

"నాది గూడ గంతే ఆండాళూ," అన్నాను.

ఆమె నవ్వింది. జ్వరంలో, పెదవులు పగిలిపోయి, నిజంగా నవ్వింది. "గిన్నేండ్లు పక్కపక్కకే గూసున్నం గద," అంది. ఇద్దరం చేతులు పట్టుకున్నాం. మెర్సీ గ్లాసుతో నీళ్లు తాగించింది. ఆండాళు తాగుతుంటే గొంతు కదలడం నేను అన్నేళ్లలో మొదటిసారి చూశాను.

మూత్రపిండాలు చెడి, విషం రక్తంలోకి పాకిందన్నారు. దవాఖాన వాళ్లు చెయ్యాల్సింది చేశారు. ఆండాళు బతకలేదు. పల్లె నుంచి దాయాదులు, పాలివాళ్లొచ్చి తీసుకుపోయారు. బస్సులో కిటికీ పక్కన నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. ఆమె గంప, తరాజు, తూకం రాయి నా ఒళ్లో ఉన్నాయి, అడిగి తీసుకోవడానికి ఎవరూ లేరు. మర్నాడు గేటు దగ్గర ఆమె గోనెపట్టా ఆమె జాగాలోనే పరిచాను. బెలూన్ల అతను అక్కడ కూర్చోబోతే కసురుకున్నాను. నీళ్ల గురించి మాట్లాడుకోవడానికి నాకు ఒక్క మనిషి దొరికింది, ఆ మనిషి పోయింది. గేటు ముందు ఎంత రద్దీ ఉన్నా నా చుట్టూ ఎవరూ లేనట్టే ఉండేది.

ఆ తరవాత కొన్నాళ్లకే మారయ్య వచ్చి నాకొక్కదానికే చెప్పాడు. ఆ మూలనున్న గదులు కూలగొడతారట. ఆ జాగాలో రంగు లైట్ల అక్షరాలు నిలబెట్టి, వాటి ముందు సెల్ఫీలు దిగే వేదిక కడతారట. ఎందుకని అడిగాను. ఆడవాళ్లెవరూ వాడటం లేదని విజేందర్ మునిసిపాలిటీ ఆఫీసులో చెప్పాడట. కమిషనరు సరేనన్నాడట.

తాళం వాడే వేశాడు, వాడటం లేదని వాడే చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆండాళు పోయాక మొదటిసారి లేచి పక్క జాగాకు నడిచాను. మంజులత దగ్గర కూర్చుని సూటిగా అడిగాను, "నువ్వు ఏ దేవునికి ఒక్కపొద్దుంటున్నవే?" ఆమె పూలదండ వదిలేసి ముఖం కొంగులో దాచుకుంది.

బండ్లవాళ్ల సంఘం మీటింగు పార్కు గోడ నీడలో పెట్టాం. సంఘం అధ్యక్షుడు దశరథ్‌ది మిర్చి బండి. మంచి మనిషి, మా జాగాల కోసం లాఠీదెబ్బలు తిన్నవాడు. కానీ ఇది చిన్న ముచ్చట అన్నాడు. ఇప్పుడు మునిసిపాలిటీతో కొట్లాడితే బండ్లే ఎత్తేస్తారనీ, ముందు బతుకుతెరువు చూసుకోవాలనీ అన్నాడు. మొగవాళ్లు చాలామంది తలలూపారు. ఒకడు వెనక నుంచి, ఆడోళ్లు ఇంటికాడ పోయి రావచ్చు గదా అన్నాడు. మంజులత లేచి, ఆండాళు ఇంటికాడికే పోయింది, మళ్ల రాలేదు అంది. చివరికి దశరథే మెత్తబడి, సరే, వినతిపత్రమిద్దాం, కాదంటే మునిసిపాలిటీ ముందు నిరాహారదీక్షకు కూర్చుందాం అన్నాడు.

అప్పుడు గుర్వమ్మ లేచింది. సంఘంలో ఆమె సభ్యురాలు కాదు, వెనక చెట్టు కింద చీపురు పట్టుకుని నిలబడి వింటోంది.

"ఉపాసమా?" అంది. "గింతమంది ఆడోళ్లు గిన్నేండ్ల సంది ఉపాసమే గదనే ఉన్నది. నేను రోజు చెంబు నింపి తెచ్చేదాన్ని. ఒక్కపొద్దంటుండ్రి. నా కులం జూసి, నా చేతి నీళ్లు తాగొద్దని గట్లంటుండ్రనుకున్న. ఇంటికి పోయి ఏడ్చిన. మా మెర్సీ చెప్పేదాంక నాకు తెల్వదు."

ఆమె నీళ్లను మేం కాదన్నది తాళం వల్లనే. కానీ ఆమె అనుకున్నది కూడా ఊరికే అనుకున్నది కాదు. అట్లా కాదన్నవాళ్లు ఆమె బతుకులో ఎంతమందో. మా ఒక్క అబద్ధం మమ్మల్నే కాక ఆమెను కూడా ఒంటరిని చేసింది. జామకాయల ముసలమ్మ లేచి వెళ్లి గుర్వమ్మ చెంబు అందుకుంది. పెదవులానించి, గటగటా చివరి చుక్కదాకా తాగింది.

ఏం చెయ్యాలో మాకు అక్కడే తెలిసింది. దశరథ్‌కు అర్థం కావడానికి మాత్రం కొంతసేపు పట్టింది.

కూలగొట్టే రోజు పొద్దున మిషను రాకముందే మేం పార్కులో ఉన్నాం. నేతవాడ నుంచి, గుర్వమ్మ వాడ నుంచి, గేటు బయట నుంచి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. మా అత్త చెంబు నేను తీసుకెళ్లాను. తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నాం. ఆండాళు గోనెపట్టా మధ్యలో పరిచి, ఆమె గంప దాని మీద పెట్టి, మొదటి గ్లాసు నీళ్లు దాని ముందుంచాం. తరవాత తాగడం మొదలుపెట్టాం. ఒకటే గ్లాసు, ఒకరి చేతి నుంచి ఒకరికి. పోసేది గుర్వమ్మ.

మిషను వచ్చి ఆగింది. వెనకనే కమిషనరు, విజేందర్, పోలీసులు. పొద్దున నడవడానికొచ్చే పెద్దమనుషులు గుమిగూడారు. మెర్సీ పిలిస్తే కాలేజీ పిల్లలొచ్చారు. మిర్చి బండి కట్టేసి దశరథ్ కూడా వచ్చి, మొగవాళ్లను తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

కమిషనరు మర్యాదగానే అడిగాడు, ఈ ధర్నా ఏమిటని.

"ధర్నా గాదు సారు. నీళ్లు తాగుతున్నం," అన్నాను.

సమస్య ఉంటే రాసివ్వండి, మాట్లాడదాం అన్నాడు. మీరు మాట్లాడుకోండి సారూ, మేం తాగుతుంటాం అని గుర్వమ్మ గ్లాసు నింపింది. ఆయనకు అర్థం కావడానికి ఎండెక్కే దాకా పట్టింది. మేం తాగిన నీళ్లు ఎక్కడికో పోవాలి. ఆ మాట మేం ఎవరితోనూ అనలేదు. ఊరికే కూర్చుని, తాగుతూ, ఆ తలుపు వైపు చూశాం. ఇన్నేళ్లు మేం ఒక్కొక్కరం దాచుకున్న అవస్థ ఇప్పుడు అందరి ముందూ వరసగా కూర్చుంది. ముసలమ్మ కాళ్లు వణుకుతున్నాయి. మంజులత కళ్లు మూసుకుని పళ్లు బిగించింది. ఒక్కరు కూడా లేచి ఇంటికి పోలేదు. చూస్తున్న పెద్దమనుషులు తలలు తిప్పుకున్నారు. కాలేజీ ఆడపిల్లలొచ్చి మా పక్కన కూర్చుని గ్లాసు అడిగారు.

కమిషనరు తాళంచెవి తెమ్మన్నాడు. మారయ్య విజేందర్ వైపు చూశాడు. చెవి ఇంటి దగ్గర మరిచిపోయానన్నాడు విజేందర్, లోపల లక్షల సామానుందనీ అన్నాడు. అప్పుడు మారయ్య గేటు దగ్గరి నుంచి తన కుర్చీ మోసుకొచ్చి ముసలమ్మ పక్కన వేసి, ఆమెను కూర్చోబెట్టి, టోపీ తీసేసి గడ్డి మీద పెట్టాడు.

ఇక ఆగలేకపోయాను. ఆండాళు గంపలో చెయ్యి పెట్టి ఆమె తూకం రాయి తీశాను. ఇనుప రాయి, చేతికి బరువుగా తగిలింది. తాళం మీద కొట్టాను. మొదటి దెబ్బకు ఊడలేదు. గుర్వమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది, మంజులత వేసింది. తాళంకప్ప ఊడి కింద పడింది.

రంగు కమానులు, కుర్చీలు, స్పీకర్లు ఒకరికొకరం అందిస్తూ బయట పెట్టాం. నల్లాలో నీళ్లు లేవు, మా బిందెల నీళ్లే లోపలికి మోశాం. ముసలమ్మను ముందు పంపాం. తరవాత ఒక్కొక్కరం. నా వంతు వచ్చినప్పుడు లోపలికెళ్లి మా అత్త పెట్టిన గొళ్లెమే పెట్టుకున్నాను. నీలం పలకల మీద దుమ్ము. బయట నినాదాలు వినిపిస్తున్నాయి. ఆండాళు వంతు ఎప్పటికీ రాదు కదా అని అక్కడ, ఒక్కదాన్నే, కడుపారా ఏడ్చాను.

బయటికొచ్చేసరికి వ్యాను సిద్ధంగా ఉంది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశామన్నారు. మిషను మాత్రం వెనక్కి మళ్లింది, తలుపు ముందు కాలేజీ పిల్లలూ దశరథ్ మనుషులూ బైఠాయించారు. గుర్వమ్మనూ, మంజులతనూ, నన్నూ, ఇంకొందరినీ వ్యానెక్కించారు.

మా ఎదురుగా ఒక మహిళా కానిస్టేబులు కూర్చుంది. చిన్న పిల్ల, చొక్కా మీద సుచరిత అని పేరు. తెల్లవారక ముందు నుంచి డ్యూటీలో ఉన్నట్టుంది, పెదవులు ఎండి పగిలాయి. నా దగ్గరున్న సీసా చాపాను.

"తాగు బిడ్డా."

"వద్దమ్మా," అంది ఆ పిల్ల. "ఇయ్యాల ఒక్కపొద్దు."

వ్యానులో నినాదాలు ఆగిపోయాయి. మంజులత నా వైపు చూసింది. ఆ ఖాకీ బట్టల పిల్ల ముఖంలో నాకు పల్లీల గంప ముందు మోకాళ్లు ముడుచుకున్న మనిషి కనిపించింది.

"ఎవల పేరు మీద బిడ్డా?" అని అడిగాను.

బయట కూరగాయల మార్కెట్టు దాటుతున్నాం, ఎండలో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల వాళ్లను చూస్తూ, ముందు సీట్లోని ఎస్సైకి వినపడకుండా అడిగింది. "పార్కుల మళ్ల తాళమేస్తరేమో గదమ్మా?"

"ఏస్తే మళ్ల తాగుతం," అంది గుర్వమ్మ.

నా చేతిలోంచి సీసా తీసుకుని, మూత తిప్పి, ఆ పిల్ల చేతిలో పెట్టింది. సుచరిత ఒకసారి ముందు సీటు వైపు చూసింది. తరవాత కిటికీ వైపు తిరిగి, సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది.